మన శరత్తు రంగు ఆకుపచ్చ

(శ్రీకాకుళంలో చిత్రలేఖనం నేర్చుకుంటున్న విద్యార్థుల సమావేశంలో, పదవీ విరమణ చేసిన ఒక డ్రాయింగు మాస్టారి ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు వచ్చి కింద కూర్చోండి, ఫరవాలేదు. బొమ్మలు వేసేవాళ్ళకు నేల మీద కూర్చోవడం ఎలాగూ అలవాటు కావాలి.

"శరదృతువు - ప్రకృతి పరిశీలన" అని కరపత్రంలో వేశారు. పేరు బరువుగా ఉంది కానీ నేను చేసిన పని చాలా తేలిక. కిందటి ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో పొద్దున్నే లేచి నడిచాను. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగి గీసుకున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ నెలల ఎండను తరగతి గది కిటికీలోంచి చూడటమే తప్ప ఎండలో నిలబడి చూసింది తక్కువ. ఆ బాకీ తీర్చుకున్నానని అనుకోండి.

మాట్లాడే ముందు ఈ గోడల మీద మీరు తగిలించిన బొమ్మలన్నీ చూశాను. చేయి తిరిగినవాళ్ళు ఉన్నారు, సంతోషం. కానీ "శరత్తు" అని పేరు పెట్టిన బొమ్మలు కొన్ని ఉన్నాయి చూడండి, వాటిలో ఎర్రటి ఆకులు రాలుతున్న చెట్లు, వాటి కింద బాట, బాట పక్కన ఒక చెక్క బెంచీ. ఆ చెట్టును ఎవరైనా ఆమదాలవలసలో చూశారా? పోనీ బొబ్బిలిలో? (నవ్వులు) అది మేపుల్ చెట్టు. చలిదేశాల్లో పగటి పొద్దు తగ్గి చలి ముదిరేసరికి ఆకులోని పత్రహరితం విరిగిపోతుంది. అంతవరకూ దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పుడు కొత్తగా తయారవుతుంది. మనకు ఆకు రాలేది శిశిరంలో. ఆశ్వయుజం నాటికి శ్రీకాకుళం, విజయనగరం, మన రెండు జిల్లాలూ ఏడాది మొత్తంలో ఎన్నడూ లేనంత పచ్చగా ఉంటాయి. వానలకు చెరువులు నిండి, దుమ్ము కడుక్కుపోయి, వరి దుబ్బు కట్టి నిలబడే కాలం ఇది. మన శరత్తుకు ఒక రంగు చెప్పమంటే ఆకుపచ్చ అనే చెబుతాను.

అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. చిత్రకారులకు ఆకుపచ్చ అంటే భయం. మనలో చాలామంది ట్యూబు మూత తీసి విరిడియన్ అనే నీలిఛాయ ఆకుపచ్చ రంగు పిండుతారు, పొలమంతా పూస్తారు. ఎండిన తరువాత చూస్తే అది పొలంలా ఉండదు, పెళ్ళి పందిట్లో పరిచిన ప్లాస్టిక్ తివాచీలా ఉంటుంది. ఈ భయం వల్లే కావచ్చు, మన దగ్గర ప్రకృతి ఎక్కువగా మనిషి బొమ్మకు వెనక తెరగా ఉండిపోయింది. మనవాళ్ళు తక్కువవాళ్ళని కాదు. 1921లో ఈ శ్రీకాకుళంలోనే పుట్టిన వడ్డాది పాపయ్య గారు రంగును ఎలా పలికించారో మీకు నేను చెప్పనక్కరలేదు. అంతకు రెండేళ్ళ ముందు, 1919లో విజయనగరంలో పుట్టిన అంట్యాకుల పైడిరాజు గారు మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకుని వచ్చి మన పల్లె స్త్రీలను గీశారు. ఇద్దరికీ మనిషే ముఖ్యం. చేను, గట్టు, చెరువు ముందుకు వచ్చి కూర్చునే బొమ్మ మన ప్రాంతం నుంచి ఇంకా రావలసినంతగా రాలేదని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు తరువాత వాదించవచ్చు.

నడకకు రాగోలు వైపు పొలాలను ఎంచుకున్నాను. ప్రత్యేక కారణం ఏమీ లేదు, ఇంటికి దగ్గర. రోజుకొక కొత్త చోటికి వెళ్ళాలనే ఆశ మొదట్లో ఉంటుంది, దాన్ని తొక్కిపెట్టాలి. ఒకే గట్టు మీద, ఒకే వేళకు, మళ్ళీ మళ్ళీ నడిస్తేనే తేడా తెలుస్తుంది. ఫోనులో ఫొటో తీసుకుంటే చాలదా అని అడుగుతారు. ఫోను తన లెక్క ప్రకారం ఆకుపచ్చను కాస్త ముదురు చేసి చూపిస్తుంది, చూసేవాడు మురిసిపోవాలని. నేను రంగును మాటల్లో రాసుకునేవాణ్ణి. "పొట్ట మీద ఉన్న మడి, నీలం పాలు ఎక్కువ, అంచున బూడిద" అని ఇలా. పొట్ట అంటే కంకి ఇంకా కాడ లోపలే ఉన్న దశ. ఇంటికి వచ్చాక ఆ మాటను బట్టి రంగు కలిపితే ఫొటోను బట్టి కలిపినదానికన్నా దగ్గరగా వచ్చేది.

ఒక రోజు గట్టు మీద ఒక రైతు చేతిలో చిన్న ప్లాస్టిక్ పట్టీ కనిపించింది. దాని మీద లేత పసుపుపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ దాకా గళ్ళు. నాకు ప్రాణం లేచి వచ్చింది. దాన్ని ఆకు రంగుల పట్టిక అంటారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారి పట్టీలో నాలుగు గళ్ళు ఉంటాయి. వరి ఆకు నడిమి భాగాన్ని దాని మీద పెట్టి ఏ గడితో సరిపోయిందో చూస్తారు. లేతగా ఉంటే నత్రజని చాలలేదని, యూరియా వేయాలని అర్థం. అది చూసే పద్ధతి ఇంకా బాగుంది. ఎండ నేరుగా పడకుండా మన ఒంటి నీడలో ఆకును పట్టుకుని చూడాలి. రోజూ ఒకే వేళకు చూడాలి. చూసే మనిషి కూడా మారకూడదు. మేం చిత్రకళలో నాలుగేళ్ళు చదివి నేర్చుకున్నది వ్యవసాయ శాఖ వాళ్ళు అట్ట వెనక నాలుగు వాక్యాల్లో అచ్చువేశారు. ఆ రైతు నన్ను అడిగాడు, "మాస్టారూ, మీరు ఎరువుల దుకాణం తరఫున వచ్చారా?" అని. బొమ్మలు వేస్తానని చెబితే జాలిపడ్డాడు. ఆ తరువాత రోజూ నేను దాటే దాకా ఆగి, ఏ మడి ఏ రకమో చెప్పేవాడు. ఇది స్వర్ణ, అది శ్రీకాకుళం సన్నాలు. శ్రీకాకుళం సన్నాలు ఆ రాగోలులోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలోంచి వచ్చిన రకమే. స్వర్ణ నూట యాభై రోజుల పంట కాబట్టి పక్క మడి కంకి వేసి వంగుతున్నా అది ఇంకా ముదురు పచ్చగా నిక్కి ఉంటుంది. దూరం నుంచి మనకు ఒకటే పచ్చదనంగా కనిపించేది దగ్గరికి వెళితే గడులు గడులుగా విడిపోవడానికి అదీ కారణం.

వరి పువ్వు చూసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ముగ్గురు. అన్నం తినేవాళ్ళు ఎంతమందని అడగను. (నవ్వులు) వరి ఈనిన తరువాత, అంటే కంకి బయటికి వచ్చాక, పొద్దున తొమ్మిది, పది గంటలకు ఎండ కాస్త ఎక్కగానే వెళ్ళండి. కంకి మీద ఒక్కొక్క గింజ, అంటే అప్పటికి లోపల ఏమీ లేని పచ్చి పొట్టు, రెండు రెక్కలుగా విచ్చుకుంటుంది. లోపలి నుంచి ఆరు కేసరాలు బయటికి వచ్చి వేలాడతాయి. వెంట్రుక అంత సన్నని తెల్లటి కాడ, చివర లేత పసుపు తిత్తి. చిటికెన వేలితో తాకితే సుంకు, అంటే పుప్పొడి, పొడి పొడిగా రాలుతుంది. గంట తిరగకుండా రెక్కలు మూసుకుంటాయి, కేసరాలు మాత్రం బయటే మిగిలి వాడి గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ గంటసేపు చేను మొత్తం మీద ఒక తెల్లని పొర కమ్మినట్టు ఉంటుంది. గట్టు మీద నిలబడి చూస్తే ఆకుపచ్చ మీద సన్నగా బూడిద చల్లినట్టు కనిపిస్తుంది కానీ ఎందుకో అర్థం కాదు. మధ్యాహ్నం వెళ్ళినవాడికి ఆ పొర కనిపించదు. నేను వంగి కూర్చుని, కంకిని గీయడానికి భూతద్దం పట్టుకున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. అది వేరే సంగతి.

దీన్ని రంగుల్లోకి తెచ్చేటప్పుడు నేను వాడిన కలయికలు చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. నాట్లు పడిన కొత్తలో లేత వరికి లెమన్ యెల్లో, చిటికెడు కోబాల్ట్ బ్లూ. దుబ్బు కట్టి ముదిరినప్పుడు గాంబోజ్ పసుపు, ఇండిగో నీలం. ఇండిగో పాలు పెంచితే పొట్ట దశ. ఈనిన తరువాత అదే కలయికలో కొద్దిగా రా సియెన్నా, అంటే మట్టి పసుపు, పడాలి, లేకపోతే ఆ బూడిదదనం రాదు. విరిడియన్ ట్యూబును ఇంట్లోనే వదిలేసి వెళ్ళండి. దానికి మన పొలాల్లో పని లేదు. కావాలంటే చెరువు మీద గుర్రపుడెక్క వేసేటప్పుడు చూడవచ్చు.

ఇక వెలుతురు. అరసవల్లి సూర్యదేవాలయం మనందరికీ తెలుసు. ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ పొద్దుటి కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని జనం బారులు తీరతారు. మబ్బు పడితే నిరాశ. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు దాదాపు ఒకే చోట, నిక్కమైన తూర్పుకు కొంచెం దక్షిణంగా ఉదయిస్తాడు కాబట్టి అలా జరుగుతుంది. భక్తులు కిరణం చూసి ఇంటికి వెళ్ళిపోతారు. మనకు పని అప్పుడు మొదలవుతుంది. అక్కడి నుంచి డిసెంబరు 21, 22 దాకా సూర్యుడు ఇంకా ఇంకా దక్షిణానికి జరుగుతూనే ఉంటాడు. శ్రీకాకుళంలో అక్టోబరు మొదట్లో నడిమధ్యాహ్నం అయిదడుగుల మనిషి నీడ సుమారు రెండడుగులు ఉంటుంది. నవంబరు చివరికి అదే మనిషి నీడ, అదే నడిమధ్యాహ్నం, నాలుగడుగులకు పెరుగుతుంది. రెట్టింపు. అంటే వేసవిలో తొమ్మిదింటికే చప్పబడిపోయే వెలుతురు, కార్తీకంలో పదిన్నర దాకా పక్క నుంచి పడుతూ గట్లకు, దుబ్బులకు, మనుషుల ముక్కుకు కూడా ఒక ఆకారం ఇస్తుంది. రాత్రి మంచు, పగలు తేటగాలి. మందస వైపు వెళితే ఒడిశా సరిహద్దులో ఉన్న మహేంద్రగిరి, 1501 మీటర్ల కొండ, ముందున్న చిన్న కొండలను దాటి ఒక్కొక్క పొరగా విడివిడిగా కనిపిస్తుంది. ఎండాకాలంలో అదే చోట నిలబడితే తెల్లటి ఆవిరి తప్ప ఏమీ ఉండదు. వాటర్ కలర్ వేసేవాళ్ళకు ఈ రెండు నెలలు పండగ.

పండగ అంటే గుర్తొచ్చింది, పాలపిట్ట. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదంటారు. చూడండి, తప్పకుండా చూడండి. కరెంటు తీగ మీద కూర్చుంటే బొద్దుగా, మట్టి రంగులో, ఏమీ ప్రత్యేకత లేని పిట్ట. ఎగిరితే రెక్కల్లో రెండు నీలాలు మెరుస్తాయి. నాగావళి గట్టున తుమ్మచెట్టు కింద దాని ఈక ఒకటి నాకు దొరికింది. చేతిలో పెట్టుకుని చూస్తే నీలం. పైకెత్తి సూర్యుడికి అడ్డంగా పట్టుకుని, వెలుతురు ఈకలోంచి మన వైపు వచ్చేలా చూస్తే నీలం మాయం. మాసిన గోధుమరంగు. ఎందుకంటే ఆ ఈకలో నీలపు రంగు పదార్థమే లేదు. ఈక లోపలి అతి సూక్ష్మమైన నిర్మాణం నీలి వెలుతురును మాత్రం వెనక్కి తిప్పి పంపుతుంది, మిగతాది అడుగున ఉన్న నల్లటి మెలనిన్ మింగేస్తుంది. అందుకే పాలపిట్ట బొమ్మకు నీలం చిక్కగా పూస్తే అది బతకదు. కాగితం తెలుపు మీద పలచగా ఒక్క పూత, దాన్ని ఆనుకుని గోధుమరంగు. పక్కనున్న మట్టి రంగు వల్లే ఆ నీలానికి మెరుపు వస్తుంది. ఇంకో మాట. దసరా నాడు పాలపిట్టను పంజరంలో పెట్టి వీధి వీధికీ తిప్పి, దర్శనానికి ఇంత అని డబ్బు తీసుకునేవాళ్ళు ఉంటారు. చూస్తే ఒళ్ళు మండుతుంది. ఆ డబ్బుతో ఒక బస్సు టికెట్టు కొనుక్కుని ఊరి బయటికి వెళితే పిట్ట ఉచితంగానే కనిపిస్తుంది.

విజయనగరం వైపు కూడా కొంత తిరిగాను. దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కాబట్టి ఆ వారం అటు వెళ్ళడం ఆనవాయితీ. జనంలో బొమ్మ గీయడం అయ్యే పని కాదు. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఆ సిరిమాను, పూజారి కూర్చున్న పొడవాటి చింతమాను, మూడుసార్లు తిరుగుతుంటే, ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల సాగుతుంటే, పుస్తకం తీసేందుకు మోచేయి కదపడానికే చోటుండదు. నాకు పనికొచ్చింది మర్నాడు పల్లెల్లో చూసిన గోగు, నార కోసం వేసే పంట. గోగు పువ్వు లేత పసుపు, మధ్యలో ముదురు ఎరుపు. పూత మీద కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరవేస్తారు. రెండు మూడు వారాలకు నీరు నల్లబడుతుంది, వాసన ఊరి పొలిమేర దాకా వస్తుంది. నడుము లోతు నీళ్ళలో నిలబడి నార ఒలుస్తుంటే ఆ నల్లటి నీళ్ళలోంచి వెండి, బంగారం కలిసిన రంగులో నార పైకి వస్తుంది. గోగు సాగు ఇప్పుడు బాగా తగ్గిపోయింది. అందుకే చెబుతున్నాను, ముక్కుకు గుడ్డ కట్టుకుని అయినా వెళ్ళి గీయండి.

టెక్కలి దగ్గర తేలినీలాపురం గురించి రెండు మాటలు. శరత్తులో అక్కడికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. మీరు పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు అని విని ఉంటారు. ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కడతాయి, ఊరివాళ్ళు వాటిని కూతుళ్ళు పురిటికి వచ్చినట్టు చూసుకుంటారు. అవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్పుకుంటారు. ఆ రెండు జాతులూ దక్షిణాసియా పక్షులే. సైబీరియాలో అవి ఉండవు. నీళ్ళు, చేపలు ఎక్కడుంటే అక్కడికి దేశం లోపలే తిరుగుతాయి. మన నౌపడ చిత్తడి నేలలు వాటికి వంటిల్లు. దూరపు చుట్టమని చెబితే గానీ గౌరవించమా మనం? సరే, గీసేవాళ్ళకు ఒక చిట్కా. పక్షి కదులుతుందని కంగారు పడకండి. అది కాసేపటికి మళ్ళీ అదే భంగిమకు వస్తుంది. ఒకే కాగితం మీద అయిదారు బొమ్మలు సగం సగం మొదలుపెట్టి, పక్షి ఏ భంగిమకు తిరిగి వస్తే ఆ బొమ్మను కొనసాగించండి. గూడబాతు మెడను రెండు రేఖల్లో వేయవచ్చు. ఎర్రకాళ్ళ కొంగకు తోక దగ్గరి గులాబీ రంగును మాత్రం చివర్లో, చేయి వణకనప్పుడు వేయండి.

ఇంతసేపూ చెప్పింది విని ఈ నెలలంటే వెన్నెల, పువ్వులు, పక్షులు అనుకునేరు. మన తీరంలో అక్టోబరు తుపాన్ల నెల కూడా. 2013 అక్టోబరు 12న పైలిన్ ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస దగ్గరే తీరం దాటింది. ఆ చుట్టుపక్కల తోటల సీమ ఉద్దానం సంగతి మీలో చాలామందికి ఇంటి సంగతి. కొబ్బరి, జీడి, పనస తోటలు పడిపోయాయి. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకు ఏళ్ళు పడుతుంది. ఆ తరువాత ఆ దారిలో నడిచినప్పుడు చిత్రకారుడిగా నాకు తట్టింది చెప్పడానికి కూడా మనసు రాలేదు చాలాకాలం. ఎప్పుడూ నీడగా, చల్లగా, ఆకుల సందుల్లోంచి నాణేలంత ఎండ రాలే ఊళ్ళలో ఒక్కసారిగా ఆకాశం ఇంటి గుమ్మం దాకా దిగి వచ్చింది. ముసలమ్మలు కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని సొంత పెరట్లో నిలబడ్డారు. ఆ చేయి అడ్డం పెట్టుకోవడం నేను గీశాను. పడిన చెట్లను గీయలేదు.

మరో సంగతి కూడా చూడవలసినది. హుద్‌హుద్ తరువాత విజయనగరం, విశాఖ కొండలు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. గాలికి నలిగి, సముద్రపు ఉప్పు తుంపర పడి, కూలని చెట్ల ఆకులు కూడా మాడిపోయాయి. కొండలన్నీ గోధుమ, తుప్పు రంగులోకి తిరిగాయి. ఈ గోడ మీది బొమ్మల్లో ఉన్న శరత్తు మనకు ఒక్కసారి నిజంగా వచ్చిందంటే అప్పుడే. కొన్ని వారాలకు ఆ మాడిన కొమ్మల నుంచే లేత చిగుళ్ళు వచ్చాయి, కార్తీకంలో వసంతం లాగా. అప్పటి బొమ్మ ఎవరి దగ్గరైనా ఉంటే నాకు చూపించండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి, ఇంకా కాస్త వ్యవధి ఉంది.

(ఒక విద్యార్థిని: మాస్టారూ, పండిన వరికి ఏ పసుపు వాడాలి? నేను ఏది వేసినా అరటిపండులా వస్తోంది.)

మంచి ప్రశ్నమ్మా. ట్యూబులో పసుపు ఏదీ వద్దు. రా సియెన్నా ముందు పలచగా వేసుకో, నీడ ఉన్న చోట బర్న్‌ట్ సియెన్నా, ఆ ఎర్రమట్టి రంగు, కాస్త కలుపు. అయితే అంతా ఒకేసారి పండిందని అనుకోకు. వరి కంకి కొన నుంచి పూస్తుంది, కొన నుంచే పండుతుంది. కొన గింజలు బంగారు రంగుకు వచ్చే నాటికి కంకి మొదలు దగ్గరి గింజలు ఇంకా పచ్చిగా, నొక్కితే పాలు కారేలా ఉంటాయి. కింద ఆకు, కాడ ఆకుపచ్చగానే ఉంటాయి. కాబట్టి నీ గాంబోజ్, ఇండిగో పచ్చను పడేయకుండా పక్కన ఉంచుకో. ముందు ఆ పచ్చ వెయ్యి, కాస్త తడి ఉండగానే రా సియెన్నాను కొన వైపు నుంచి కిందికి దించు. రెండూ కలిసే చోట కుంచె పెట్టకు, వాటంతట అవి కలుస్తాయి. నవంబరు మూడో వారంలో అయితే కంకిలో సగం సగం ఉంటుంది, అప్పుడు మడి దగ్గర కూర్చునే వెయ్యి. మంచు పడే వేళ మాత్రం వద్దు, కాగితం ఆరదు. తొమ్మిది దాటాక వెళ్ళు.